ఈ ఖర్చు ఏ పద్దు కింద?

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఈసారి నన్ను మాట్లాడమన్న విషయం మద్యం, మత్తు పదార్థాల వ్యసనం. డి.ఎ. బకాయిల మీదో, పి.ఆర్.సి. మీదో మాట్లాడమంటే హాలు నిండుతుంది, చప్పట్లూ పడతాయి. ఈ విషయం అనగానే ఒక మిత్రుడు, "ఇది కాలేజీ పిల్లలకు చెప్పుకోవలసిన సంగతి గదా, డెబ్బై ఏళ్ల వాళ్లకెందుకండీ?" అన్నారు. ఎందుకో మనవి చేయడానికే నిలబడ్డాను.

నేను డాక్టరును కాను, స్వామీజీని అంతకన్నా కాను. ఖజానా శాఖలో గుమాస్తాగా చేరి, ముప్పై ఆరేళ్లు లెడ్జర్ల మధ్య బతికి బయటపడినవాడిని. అందుకని నాకు తెలిసిన పద్ధతిలోనే, జమ ఎంత, ఖర్చు ఎంత అన్న పద్ధతిలోనే చెబుతాను. వైద్యానికి సంబంధించి చెప్పేవి డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నవి.

రెండు కిటికీలు

పాత రోజుల్లో ఉపఖజానాలో పనిచేసినవారికి గుర్తుండే ఉంటుంది. ఒక కిటికీ దగ్గర చలానాలు తీసుకునేవాళ్లం. సారా పాట పాడుకున్న కంట్రాక్టర్లు నెలనెలా కిస్తీ కట్టేవారు. ఆ రోజు జమ బాగా కనిపించేది, పైఅధికారి ముఖం కూడా కళకళలాడేది. రాష్ట్ర ఎక్సైజు పద్దు, 0039 అంటే, సర్కారుకు పాడి గేదె. రెండో కిటికీ దగ్గర పింఛన్లు. 2071 పద్దు. ఆ వరుసలో ఫ్యామిలీ పింఛను కోసం వచ్చే ఆడవాళ్లు నిలబడేవారు. ముప్పై అయిదు, నలభై ఏళ్ల వయసు. భర్త సర్వీసులో ఉండగానే పోయాడు. ఏం జబ్బమ్మా అని అడిగితే కొందరు "కామెర్లు బాబూ" అనేవారు, కొందరు "కడుపులో నీరు చేరింది" అనేవారు. అసలు కారణం నోటితో చెప్పినవారు తక్కువ.

ఆ రెండు కిటికీలకూ మధ్య దూరం పది అడుగులు. ఆ కిటికీలో జమపడిన సొమ్ముకూ, ఈ కిటికీలో వేలిముద్ర వేస్తున్న మనిషికీ ఉన్న సంబంధం మన ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఆసుపత్రి ఖర్చు 2210 కింద పోతుంది, పింఛను 2071 కింద పోతుంది. పిల్ల చదువు మానేసిన నష్టం, తాకట్టు పెట్టిన పుస్తెల నష్టం ఏ పద్దు కిందా రాదు.

ఒకావిడ సంగతి చెబుతాను. భర్త వేరే శాఖలో పనిచేసి నలభై ఆరేళ్లకు పోయాడు. పి.పి.ఓ. చేతిలో పెట్టుకొని ఆమె అన్నమాట: "ఆయన పోయినరోజు ఆఫీసు నుంచి ఇరవై మంది వచ్చారు బాబూ, దండ తెచ్చారు. పదేళ్లు తాగి ఆఫీసుకు పోతుంటే అందరికీ తెలుసుననీ ఆ రోజే చెప్పారు. ఇంటికొచ్చి నాతో ఒక్కరూ అనలేదు. నేనూ సిగ్గుపడి వాళ్లతో అనలేదు." నేటి నా ప్రసంగానికి అసలు విషయం ఆ ఆఖరి రెండు మాటలే. ఇంట్లోవాళ్లు దాచిపెట్టారు, బయటివాళ్లు చూసీచూడనట్టు ఊరుకున్నారు. ఆ సందులోంచే మనిషి జారిపోయాడు.

చట్టాలు వచ్చాయి, పోయాయి

తాగుడు ఆపడానికి మన రాష్ట్రంలో జరగని ప్రయత్నం లేదు. మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టి, మరుసటి ఏడాది మన చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చింది. పోయిన ఆదాయం పూడ్చుకోవడానికి 1939లో అమ్మకం పన్ను వచ్చింది. నిషేధం ఎప్పుడో పోయింది, ఆ పన్ను మాత్రం రూపాలు మార్చుకుంటూ ఉండిపోయింది! 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలో టంగుటూరి ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం పడిపోయింది కూడా ఈ మద్యనిషేధం చర్చ మీదనే, ఒక్క ఓటు తేడాతో. రాజ్యాంగం 47వ అధికరణం మత్తు పానీయాలను నిషేధించేందుకు ప్రభుత్వం పాటుపడాలని చెబుతూనే ఉంది. 1980లలో ప్రభుత్వమే 'వారుణి వాహిని' పేరుతో సారాను పొట్లాల్లో ఊరూరికీ అందించింది.

ఆ తర్వాత జరిగింది మన తరం కళ్లారా చూసింది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం రాత్రిబడుల్లో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు, పాఠంలో ఉన్న సీతమ్మ కథ చదివి, మన ఊళ్లో ఎందుకు చేయకూడదని లేచారు. దూబగుంటలో రోశమ్మగారు, ఆమె తోటివారు సారా దుకాణం మూయించారు. 1992లో ఆ మంట జిల్లా అంతా పాకింది. సారా పాటలు జరగనివ్వకుండా ఆడవాళ్లు అడ్డుపడితే అధికారులు వేలం మళ్లీ మళ్లీ వాయిదా వేయవలసి వచ్చింది. వావిలాల గోపాలకృష్ణయ్యగారి వంటి పెద్దలు వెనక నిలబడ్డారు, పత్రికలు రోజూ రాశాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా బంద్ అయింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో సడలిపోయింది. ఆ తర్వాత దుకాణాలు ఎన్ని చేతులు మారాయో చూస్తూనే ఉన్నాం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ప్రభుత్వమే నడిపింది, 2024లో మళ్లీ ప్రైవేటువారికి పోయింది.

ఇందులో ఏ ప్రభుత్వాన్నీ నేను తప్పుపట్టడానికి రాలేదు. నేను తీసుకున్న నీతి ఒకటే. జీవో వస్తుంది, జీవో రద్దవుతుంది. దూబగుంట ఆడవాళ్లు మాత్రం జీవో కోసం కూర్చోలేదు. సిగ్గు విడిచి, తమ ఇంటి గోడు పదిమందిలో చెప్పుకున్నారు. అక్కడే సగం పని అయిపోయింది.

అలవాటు ఎప్పుడు జబ్బవుతుంది?

"తాగేవాళ్లందరూ చెడిపోయారా?" అని అడుగుతారు. అందరూ చెడరు. కాని ఎవరు చెడతారో మొదటి గ్లాసు రోజున చెప్పగల జ్యోతిష్కుడు లేడు. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ (ఎయిమ్స్) వారు దేశమంతా సర్వే చేసి 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం దాదాపు 16 కోట్ల మంది మద్యం పుచ్చుకుంటున్నారు. అందులో 5.7 కోట్ల మందికి అది హాని చేసే స్థాయికో, విడవలేని స్థాయికో చేరింది. విడవలేని స్థితిలో ఉన్న ప్రతి 38 మందిలో ఏదో ఒక చికిత్స అందినవారు ఒక్కరు మాత్రమే. తక్కిన 37 మంది ఎక్కడున్నారు? ఇళ్లలో ఉన్నారు, తలుపులు వేసుకొని.

జబ్బుగా మారిందని చెప్పడానికి గుర్తులు ఉన్నాయి. మొదట ఒక పెగ్గుకు వచ్చిన మత్తు, తర్వాత మూడింటికి గాని రాదు. ఇంతే తాగుతానని కూర్చొని అంతటితో లేవలేడు. పొద్దున లేవగానే చేతులు వణుకుతాయి, కాస్త పడితే గాని వణుకు ఆగదు. డబ్బు దగ్గర, సీసా దగ్గర అబద్ధాలు మొదలవుతాయి. నష్టం కళ్లకు కనిపిస్తున్నా మానలేడు. ఇందులో రెండు మూడు కనబడితే ఇక "మనసు పెడితే మానేస్తాడు" అనే మాట పనికిరాదు. మెదడు మద్యానికి తగ్గట్టు తన పనితీరే మార్చుకుంది. మధుమేహం ఉన్నవాడిని "మనసు పెట్టి చక్కెర తగ్గించుకో" అని తిడితే ఎంత ఉపయోగమో, ఇదీ అంతే. అలాగని బాధ్యత పోదు. జబ్బు వచ్చినవాడు మందు వేసుకోవాలి గదా, ఆ బాధ్యత వాడిదే.

"నాది బీరే కదా" అనేవారికి చిన్న లెక్క. 30 మిల్లీలీటర్ల విస్కీలోనో, బ్రాందీలోనో సుమారు 10 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. క్వార్టరు, అంటే 180 మిల్లీలీటర్లలో 60 గ్రాములు. ఎనిమిది శాతం స్ట్రాంగు బీరు పెద్ద సీసాలో 40 గ్రాములు. అంటే ఆ ఒక్క సీసా నాలుగు పెగ్గులకు సమానం. కాలేయం గంటకు ఎనిమిది, పది గ్రాములకు మించి ఖర్చు చేయలేదు. మజ్జిగ తాగినా, నిమ్మకాయ పిండినా, చన్నీళ్లు పోసినా దాని వేగం పెరగదు. మద్యం క్యాన్సరు కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 1988లోనే తేల్చింది. ఫలానా మోతాదు దాకా క్షేమం అని చెప్పగల హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది.

మన వయసులో ఎందుకు ఎక్కువ ప్రమాదం?

ఇక్కడే "డెబ్బై ఏళ్ల వాళ్లకెందుకు" అన్న ప్రశ్నకు జవాబు ఉంది. వయసు పెరిగేకొద్దీ ఒంట్లో నీటి భాగం తగ్గుతుంది. నలభై ఏళ్లప్పుడు తాగిన కొలతే ఇప్పుడు తాగితే రక్తంలో ఎక్కువ చిక్కబడుతుంది. "నేను పెంచలేదండీ, ముప్పై ఏళ్లుగా రెండే" అనే పెద్దమనిషి తెలియకుండానే పెంచుకున్నట్టు లెక్క.

రెండోది మన మాత్రల డబ్బా. చక్కెర మాత్ర వేసుకొని, అన్నం తినకుండా తాగితే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, మాట తడబాటు, తూలడం వస్తాయి. ఇంట్లోవాళ్లు తాగిన మైకమనుకొని పడుకోబెడతారు. అది మైకం కాదు, ప్రాణాపాయం. నొప్పి మాత్రలతో కలిస్తే కడుపులో రక్తస్రావం, పారాసిటమాల్ ఎక్కువైతే కాలేయానికి దెబ్బ. నిద్రమాత్రతో కలిస్తే ఊపిరే మందగిస్తుంది. ఇక రాత్రి లేచి తూలి పడితే తుంటి ఎముక విరగడం, తర్వాత మంచం పట్టడం మన సభ్యుల ఇళ్లలో ఎన్ని చూశాం!

నిద్రమాత్రల గురించి వేరే చెప్పాలి. మనలో సీసా ముట్టని సజ్జనులు కూడా ఈ ఉచ్చులో ఉన్నారు. భార్య పోయిన దుఃఖంలోనో, రిటైరయిన కొత్తలోనో డాక్టరు పదిరోజులకు రాసిన అల్‌ప్రాజొలామ్ మాత్ర, ఆ చీటీ మీదనే పదేళ్లు కొనుక్కొని వేసుకునేవారు ఉన్నారు. అది కూడా అలవాటుపడే మందే. మీకు మీరుగా ఒక్కసారిగా ఆపకండి, ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పిన ప్రకారం కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

ఇదే మందును, డయజిపామ్‌ను, క్లోరల్ హైడ్రేటును కొన్నిచోట్ల కల్లులో కలిపి అమ్ముతున్నారు. 2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు చేసి ఒక్కసారిగా ఆపేసరికి, రోజూ తాగే పేదవాళ్లు పిచ్చిచూపులు చూస్తూ, వణుకుతూ, మెడలు వంకర్లు పోయి ఆసుపత్రులకు వరసకట్టారు. చెట్టు నుంచి దింపిన కల్లే తాగుతున్నామని వాళ్ల నమ్మకం. వాళ్లు అలవాటుపడింది మాత్రలకని తెలిసేటప్పటికి చాలా ఆలస్యమైంది.

మూడోది డబ్బు, తీరిక. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ పదిన్నరకు హాజరుపట్టీలో సంతకం పెట్టాలన్న భయం ఉండేది. రిటైరయిన మర్నాటి నుంచి ఆ భయం లేదు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్, జి.పి.ఎఫ్. ఒకేసారి చేతికి వస్తాయి. "ఇన్నాళ్లూ సంసారం కోసం బతికాం, ఇప్పుడైనా" అని సాయంత్రం మొదలుపెట్టినవారు నాకు తెలిసి కొందరున్నారు. కమ్యుటేషన్ సంగతి మీకు నేను చెప్పనక్కర లేదు. పింఛనులో 40 శాతం దాకా అమ్ముకొని ముందే తీసుకుంటాం, పదిహేనేళ్ల దాకా నెలనెలా కోత పడుతుంది. ఆ సొమ్ము రెండేళ్లలో తాగేసినవాడికి తక్కిన పదమూడేళ్లూ కోత మాత్రం మిగులుతుంది. అతడు ముందే పోతే ఇల్లాలికి వచ్చే ఫ్యామిలీ పింఛను చిన్నదే గదా. రోజుకు నూటయాభై రూపాయలనుకుందాం. ఏడాదికి 54,750. పదిహేనేళ్లకు 8,21,250. ఇందులో ఆసుపత్రి బిల్లు కలపలేదు.

ఇంట్లో చేయకూడనివి, చేయవలసినవి

ఇప్పుడు ముఖ్యంగా మన ఇంటి ఆడవారు వినాలని కోరుతున్నాను.

మొదటిది. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషిని గదిలో పెట్టి తాళం వేసి "ఈ రోజుతో సరి" అని మానిపించకండి. ఆపిన ఆరు, ఎనిమిది గంటలకు వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. రెండు రోజుల లోపల ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది. లేని పురుగులు పాకుతున్నాయంటారు, చచ్చిపోయినవాళ్లతో మాట్లాడతారు. గాలి సోకిందని, చేతబడి అని భూతవైద్యుడి దగ్గరకు తీసుకెళ్లిన ఇళ్లున్నాయి. అది మద్యం ఆగినందువల్ల వచ్చే సన్నిపాతం. వైద్యం చేయకపోతే ప్రాణం పోతుంది, సమయానికి చేస్తే చాలామంది కోలుకుంటారు. అందుచేత మానడం డాక్టరు కళ్లముందు జరగాలి. తిండి లేక తాగినవాళ్లకు బి1 విటమిన్ బాగా లోపిస్తుంది. ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించేముందు "ఈయన రోజూ తాగుతారండీ" అని దాచకుండా చెప్పండి. ఆ ఒక్కమాటతో ముందుగా బి1 ఇంజెక్షను ఇచ్చి మెదడును కాపాడతారు. పరువు పోతుందని చెప్పకపోతే మనిషి జ్ఞాపకశక్తే పోవచ్చు.

రెండోది. తాగుడు మాన్పించే మాత్ర పేరుతో, ఆయనకు తెలియకుండా కూరలో, కాఫీలో కలిపి పెట్టడం. పక్కింటావిడ చెప్పిందని చాలామంది చేస్తున్నారు. వీటిలో సామాన్యంగా ఉండేది డైసల్ఫిరామ్. దాని మీద మద్యం పడితే విషపదార్థం ఒంట్లో పేరుకుంటుంది. ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, రక్తపోటు పడిపోతుంది. గుండెజబ్బు ఉన్న మన వయసువాడికి అది చావుదెబ్బ కావచ్చు. మాత్ర ఆపిన రెండు వారాల దాకా కూడా దాని ప్రభావం ఉంటుంది. ఆ మందు మంచిదే. కాని తాగేవాడు తెలిసి, ఒప్పుకొని, డాక్టరు పరీక్షలు చేసి ఇవ్వవలసిన మందు అది. అమ్మా, మీ ఉద్దేశం మంచిదే అయినా ప్రాణం మీదికి వస్తుంది. దయచేసి మానండి.

మూడోది. మైకంలో ఉన్నప్పుడు వాదన పెట్టుకోకండి. పొద్దున, ఒళ్లు తెలిసినప్పుడు, పిల్లలనో, ఆయన మాట వినే బావగారినో, పాత ఆఫీసరునో పక్కన పెట్టుకొని చెప్పండి. తిట్టకుండా లెక్క చెప్పండి. ఫలానా రోజు పడిపోయారు, ఫలానా పెళ్లిలో ఇలా జరిగింది, ఇంత ఖర్చయింది, ఫలానా తారీఖున డాక్టరు దగ్గరకు వెళ్తున్నాం అని.

నాలుగోది. ఆయన చేసిన అప్పులు మీరు గుట్టుగా తీర్చకండి. ఆయన తరఫున అబద్ధాలు చెప్పకండి. బ్యాంకులో పింఛను ఖాతా జాయింటుగా ఉందో లేదో, నామినేషన్లు ఉన్నాయో లేవో ఒకసారి చూసుకోండి. చెయ్యి చేసుకుంటే మాత్రం ఓర్పు వహించనక్కరలేదు. గృహహింసకు 2005 నాటి చట్టం ఉంది. పిల్లలను తీసుకొని బయటికి రావడం కాపురం చెడగొట్టడం కాదు.

అయిదోది. మనుమల సంగతి. గంజాయి వంటి వాటిని మనం సినిమాల్లో చూసేవని అనుకోవడం పాతమాట. పిల్లవాడి స్నేహాలు హఠాత్తుగా మారడం, చదువు పడిపోవడం, ఇంట్లో డబ్బు, వస్తువులు మాయమవడం, పగలంతా నిద్రపోవడం కనబడితే కొట్టకుండా ముందు మాట్లాడండి. తల్లిదండ్రులకు తీరిక లేని ఇళ్లలో ఆ మాట మాట్లాడగలిగింది తాతలూ, అమ్మమ్మలే. మాదకద్రవ్యాల మీద 1985 చట్టం కఠినమైనదే, అయినా అలవాటుపడినవాడు తనంతట తాను చికిత్సకు వస్తే కేసు నుంచి రక్షణ ఇచ్చే 64ఎ సెక్షను అందులోనే ఉంది. కేసు భయంతో బిడ్డను దాచిపెట్టి పోగొట్టుకోకండి. ఇంకొక్క మాట. తాతయ్యే సాయంత్రం సీసా మూత తీస్తుంటే మనుమడికి చెప్పే నోరు ఎక్కడిది?

దారి ఉంది

చికిత్స లేని జబ్బు కాదిది. మొదట వారం పదిరోజులు ఒంట్లోంచి మత్తు దిగే వైద్యం. తర్వాత యావ తగ్గించే మందులు. ఆపైన నెలల తరబడి మాటసాయం, కుటుంబానికి సలహా. మొదటి మెట్టే అంతా అనుకొని ఇంటికి తెచ్చేస్తారు, మళ్లీ మొదలైతే "డబ్బు దండగ" అంటారు. తిరగబెట్టడం ఈ జబ్బు స్వభావం. తిరగబెడితే మళ్లీ వెళ్లాలి. విశాఖపట్నం మానసిక వైద్యశాల, హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రి, బెంగళూరు నిమ్హాన్స్‌లలో వైద్యం ఉంది. మద్రాసులో శాంతి రంగనాథన్‌గారు, భర్త మద్యానికి బలైన తర్వాత, ఆ దుఃఖంలోంచే 1980లో చికిత్సా సంస్థ స్థాపించి వేలమందిని నిలబెట్టారు. 1992లో పద్మశ్రీ అందుకున్నారు. ఫోను చేయడానికి కేంద్ర ప్రభుత్వపు 14446 నంబరు ఉంది. మానసిక ఆరోగ్య సలహాకు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. రెండూ ఉచితం. ప్రైవేటు డీ-అడిక్షను కేంద్రాలకు వెళ్లేముందు రిజిస్ట్రేషను ఉందా, డాక్టరు ఉన్నాడా చూడండి. కట్టేసి కొట్టేచోట జబ్బు నయం కాదు.

అమెరికాలో 1935లో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడుండి మానడంతో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు మన పట్టణాల్లోనూ జరుగుతున్నాయి. రుసుము లేదు, పేరు బయటపెట్టరు. కుటుంబాలకు ఆల్-అనాన్ అని వేరే ఉంది. మన సంఘ సభ్యుడే, డ్రైవరుగా రిటైరయిన ఒకాయన, అరవై ఒకటో ఏట రెండుసార్లు ఆసుపత్రిలో చేరి, ఆ సమావేశాలకు వెళ్లి మానారు. తొమ్మిదేళ్లయింది. "మానేశారా అన్నగారూ?" అని అడిగితే "ఈ రోజుకు తాగలేదు తమ్ముడూ" అంటారు. రేపటి మాట ఎత్తరు. ఆయన అనుమతితోనే చెబుతున్నాను, పేరు చెప్పను. అరవై దాటాక ఏం మారతామనేవారికి ఆయనే జవాబు.

సంఘానికి నా మనవి

ఇది వారి సొంత విషయం, మనం కల్పించుకోరాదని పోయినసారి కమిటీలో ఒక అభిప్రాయం వచ్చింది. గౌరవంతోనే విభేదిస్తున్నాను. సభ్యుడికి గుండెపోటు వస్తే పదిమందిమి పరిగెత్తుతాం. మెడికల్ రీయింబర్స్‌మెంటు బిల్లు ఆగితే ధర్నా చేస్తాం. తాగుడు దగ్గరే సొంత విషయం ఎలా అవుతుంది?

అందుకని మూడు ప్రతిపాదనలు. ఒకటి, మన సంఘం పేరుతో జరిగే ఏ విందులోనూ, విహారయాత్రలోనూ, కొత్తగా రిటైరయిన వారి సన్మానంలోనూ మద్యం ఉండకూడదని తీర్మానం చేద్దాం. తాగడం మానిన మనిషి ఆ ఒక్కచోటికైనా భయం లేకుండా రావాలి. రెండు, ముగ్గురు సభ్యులతో, అందులో ఒకరు తప్పనిసరిగా మహిళ ఉండేట్టు, ఒక చిన్న సహాయక బృందం వేద్దాం. ఏ ఇంటి ఇల్లాలైనా వచ్చి చెప్పుకుంటే ఆ మాట ఆ ముగ్గురిని దాటకూడదు. డాక్టరు దగ్గరకు తోడు వెళ్లడమే వారి పని, నీతిబోధ వద్దు. మూడు, రిటైరు కాబోయేవారికి పింఛను కాగితాలు పూర్తిచేయడంలో మనం సాయం చేస్తాం గదా, అప్పుడే భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి ఆ పెద్దమొత్తం ఎలా దాచుకోవాలో, ఆ ఖాళీ సాయంత్రాలు ఎలా గడపాలో ఒక గంట మాట్లాడదాం.

మనం ఏటా బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. ఆ కాగితం ఖజానాకు చాలు. ఇంట్లోవాళ్లకు మాత్రం మనం తెలివితో, మాటతో, నిలకడతో బతికి ఉండాలి. ఈ తీర్మానాలను సభ ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.